లూచో పేరిట ఒక బిళ్ళ

నారాయణమ్మకు ఆ దొరసాని మీద మొదట కోపమే వచ్చింది.

బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేట బజారులో శ్రీకంఠయ్య బట్టల అంగడి అరుగు మీద దర్జీలు వరసగా మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వారమంతా కత్తిరించగా మిగిలిన పీలికలను ఒక గోనెసంచిలో వేసి ఉంచేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం నారాయణమ్మ వచ్చి ఆ సంచి ఎత్తుకుపోయేది. చాంపియన్ రీఫ్ గనివాళ్ళుండే ఇళ్ళ లైన్లలో బొంతలు కావాలంటే అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. పుట్టిన బిడ్డకు చిన్న బొంత, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు పెద్ద బొంత, అన్నీ ఆమె చేతి కుట్టే. పీలికల ఏర్పాటు ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నది. అటువంటిది, 1978లో ఎండలు ముదరకముందు ఒక శనివారం వెళ్తే సంచి అడుగంటి ఉంది.

"ఏమప్పా, ఈ వారం ఊర్లో ఎవురూ రవికెలే కుట్టించుకోలేదా?" అని అడిగింది.

శ్రీకంఠయ్య ఇబ్బందిగా నవ్వాడు. "కుట్టించుకున్నారమ్మా. ఊరిగాం బంగళాలోకి కొత్తగా ఒక దొరసాని వచ్చి ఉండాది గదా, ఆమె ఎత్తుకొనిపోయింది. అంత పొడుగు మనిషి వచ్చి, పీలికలియ్యమని చెయ్యి చాపితే నేనేమనేది?"

"బంగళాలో ఉండే మనిషికి పీలికలెందుకు?"

"అడిగేదానికి నాకు ఆ భాష రావద్దా?"

ఇంటికి వచ్చి అత్త గురువమ్మతో చెప్పింది. గురువమ్మ చిన్నప్పుడు పలమనేరు పక్క ఊరి నుంచి తండ్రి చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చిన మనిషి. తెల్లవాళ్ళ కంపెనీ కాలమంతా చూసింది, గనులు సర్కారువి కావడమూ చూసింది. "దొరలు మళ్ళీ వచ్చినారా ఏంది?" అని ఆమె దిగులుపడింది.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన నారాయణమ్మ మొగుడు జయరాం ఆ దిగులు తీర్చాడు. అతను గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. "వాళ్ళు మన పాత దొరలు కాదు. చిలీ అని ఒక దేశమంట. ఆమె మొగుడు రౌల్ అని, లోపల బండ ఎందుకు పగులుతుందో కనుక్కునే ఇంజనీరు. మా లెవల్‌కు, అంత లోతుకు వచ్చి బండకు చెవి ఆనించి వింటా ఉంటాడు. మంచోడే. వాళ్ళ దేశంలో మిలిటరీ గద్దెనెక్కినాక వీళ్ళను ఉండనీలేదంట."

"దేశంలో ఉండనీకపోతే నా పీలికలు ఎత్తుకొనిపోతారా?" అన్నది నారాయణమ్మ.

నారాయణమ్మ కోపం సంగతి దర్జీల ద్వారా దొరసానికి ఎట్లా చేరిందో చేరింది. మరుసటి వారం ఆ దొరసానే గోనెసంచి భుజాన వేసుకుని లైన్లలోకి నడిచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఎండకు ముఖం కందిపోయి ఉంది. వాకిలి ముందర సంచి దించి, వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. జయరాం చెల్లెలు గంగమ్మ గని ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆమె ఇంట్లోనే ఉండటం మంచిదయింది.

"వదినా, ఇవి నీవని తెలియక ఎత్తుకొనిపోయిందంట. తిరిగి తెచ్చింది. సగం తనకిస్తే చాలునంట. ఆమె పేరు ఇర్మా అంట."

నారాయణమ్మ కోపం అక్కడికే సగం దిగింది. చాప వేసింది. ఇద్దరూ కూర్చుని సంచి బోర్లించి పీలికలు పంచుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికే నారాయణమ్మకు ఒక సంగతి అర్థమయింది. ఆమె బొంతలకు కావలసినవి పొడుగు ముక్కలు. ఇర్మా ఏరుకుంటున్నవి చేతివేలంత ముక్కలు, మామూలుగా పారేసేవి. ఇద్దరికీ పోటీయే లేదు.

"అంత చిన్నవాటితో ఏం కుడతావమ్మా?"

ఇర్మా చేతిసంచిలోంచి ఒక గుడ్డ తీసి పరిచింది. గోనెపట్టా మీద పీలికలతో బొమ్మ కుట్టి ఉంది. వెనక ఎత్తయిన కొండలు, వాటి మీద తెల్లగా మంచు. ముందర చిన్న చిన్న ఇళ్ళు. ఒక ఇంటి తలుపు తెరిచి ఉంది. తలుపు ముందర ఆకుపచ్చ బట్టల మనుషులు, చేతుల్లో తుపాకులు. వాళ్ళ మధ్య ఒక మనిషి, తెల్ల చొక్కా. గుమ్మంలో ఒక ఆడమనిషి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది.

గురువమ్మ ముందుకు వంగి చూసింది. "బొమ్మల బొంత. బాగుండాది. ఆ తెల్ల చొక్కాయన ఎవురు?"

గంగమ్మ అడిగి చెప్పింది. "ఆమె తమ్ముడంట. పేరు లూచో."

ఆ రోజు అంతకుమించి ఎవరూ అడగలేదు. కాఫీ తాగి, తన వాటా పీలికలు తీసుకుని ఇర్మా వెళ్ళిపోయింది.

తర్వాత ప్రతి వారమూ వచ్చేది. నారాయణమ్మ ఇంటి ముందర పందిరి కింద ఇద్దరూ కుట్టుకుంటూ కూర్చునేవారు. గంగమ్మకు డ్యూటీ లేకపోతే మాటలు నడిచేవి, లేకపోతే సైగలే. లైన్లలో వాళ్ళు ఆమెను ఇర్మమ్మ అని పిలవడం అలవాటు చేసుకున్నారు. ఆమె కూడా నెమ్మదిగా నాలుగు మాటలు పట్టుకుంది. సూది, దారం, రా, కూచో, చాలు. 'ఉండాది' అనే మాట ఆమెకు బాగా నచ్చింది. ఏ వస్తువు చూపించినా దాని పేరు చెప్పి 'ఉండాది' చేర్చేది. గురువమ్మను చూసి "అవ్వ ఉండాది" అంటే ముసలామె పకపకా నవ్వేది.

లూచో కథ కొంచెం కొంచెంగా బయటపడింది. వాళ్ళది ఆ దేశపు ఉత్తర భాగంలో ఎడారి మధ్య రాగి గనుల ఊరు. తండ్రి గనిలోనే పనిచేసి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి చనిపోయాడు. లూచో గని యూనియన్ ఆఫీసులో గుమాస్తా. మిలిటరీ వచ్చిన మరుసటి నెలలో, పొద్దున రొట్టె తింటుండగా సిపాయిలు వచ్చి తీసుకుపోయారు. చిన్న విచారణ, సాయంత్రానికి పంపిస్తామన్నారు. తల్లి వెనకాలే వెళ్ళి అడిగితే, అటువంటి మనిషిని మేము తేలేదు అన్నారు. జైలుకు వెళ్తే లేడన్నారు. ఆసుపత్రికి వెళ్తే లేడన్నారు. మనిషిని తెచ్చి చూపించమని తల్లి కోర్టులో అర్జీ వేస్తే, అరెస్టే జరగలేదని మిలిటరీ వాళ్ళు రాసిచ్చారు, కోర్టు దాన్నే నమ్మింది. యూనియన్లను మూసేశారు. పత్రికలవాళ్ళు నోరెత్తలేదు. రౌల్ ఉద్యోగం ఊడింది. వాళ్ళను కూడా తీసుకుపోతారని తెలిసి దేశం దాటారు. ముందు ఇంగ్లండు, అక్కడి నుంచి ఈ పని మీద ఇక్కడికి.

"మా అమ్మ మాత్రం అక్కడనే ఉండాది," అన్నది ఇర్మా.

అట్లా మనుషులు పోయిన ఇళ్ళ ఆడవాళ్ళు ఎందరో ఉన్నారట. అందరూ ఒకచోట చేరి ఇటువంటి బొమ్మలు కుడతారట. నోటితో చెప్తే జైలు, రాస్తే జైలు. కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళను మాత్రం సిపాయిలు మొదట్లో పట్టించుకోలేదు. వాళ్ళ దగ్గర నేర్చుకునే ఇర్మా కూడా కుడుతోంది.

ఈ కథలో నారాయణమ్మకు కొరుకుడు పడనిది ఒకటే. చంపేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మనిషిని ఇయ్యమంటే లేడనడం ఏమిటి? ఆమె అన్న మారప్ప గనిలోనే పోయినాడు. బండ పగిలి సొరంగం మూసుకుపోయింది. గనిలోకి దిగేవాళ్ళు ప్రతి ఒక్కరూ టైమాఫీసులో తమ ఇత్తడి బిళ్ళ ఇచ్చి దిగుతారు, పైకి వచ్చి తీసుకుంటారు. ఆ రోజు బోర్డు మీద మారప్ప బిళ్ళ వేలాడుతూ ఉండిపోయింది. ఆ బిళ్ళ అక్కడ ఉన్నంతసేపూ తోటివాళ్ళు ఆగలేదు. షిఫ్టు తర్వాత షిఫ్టు దిగి, చేతులతో రాళ్ళు తోడి, చివరికి బయటికి తెచ్చారు. నారాయణమ్మ గనిలోకి దిగే షాఫ్టు దగ్గరే నిలబడి ఉంది. అన్న ముఖం చూసింది. ఏడ్చింది, చేయవలసినవి చేసింది. ఇప్పుడు తలుచుకుంటే బాధే గానీ, గొంతులో ముల్లు లేదు.

ఇర్మమ్మ గొంతులోని ముల్లు తీయాలని ఆమెకు అనిపించింది. అందులోనే పొరపాటు జరిగింది.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు నారాయణమ్మ తలంటుకుని, వడలు, పాయసం, మారప్పకు ఇష్టమైన కోడికూర వండింది. గోడకు ఆనించి మామ ఫోటో, మారప్ప ఫోటో పెట్టి బొట్టు పెట్టింది. వాళ్ళ ముందర ఆకులు వేసింది. మూడో ఆకు కూడా వేసింది. దాని ముందర పెట్టడానికి ఫోటో లేదు కాబట్టి, కొత్త తెల్ల చొక్కా ఒకటి శ్రీకంఠయ్య అంగడిలో కొని మడిచి పెట్టింది. ఇర్మాను భోజనానికి పిలిచింది.

ఇర్మా సంతోషంగా వచ్చింది. ఫోటోలకు దండం పెట్టింది. మూడో ఆకు చూసి, "ఇది ఎవరు?" అని అడిగింది.

"మీ తమ్ముడికి పెట్టినానమ్మా," అన్నది నారాయణమ్మ. "పైకి పోయినోళ్ళకు ఈ పొద్దు అన్నం పెడతాము. అన్నం దొరక్క వాళ్ళు అల్లాడకూడదు."

గంగమ్మ ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి తటపటాయించింది. కానీ ఇర్మాకు తెల్ల చొక్కా చూడగానే అర్థమయింది.  కూర్చోలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. గంగమ్మ తల వంచుకుని తెలుగులో చెప్పింది.

"చచ్చిపోయినాడని నాకు ఎవురూ చెప్పలేదు అంటా ఉండాది వదినా. తీసుకొనిపోయినోళ్ళు చెప్పల్ల అంట. చచ్చినాడని మనంతట మనం ఒప్పుకుంటే వాళ్ళకు జవాబు చెప్పే పని తప్పిపోతుందంట."

ఇర్మా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆకుల్లో అన్నం చల్లారిపోయింది. 

తర్వాతి వారం ఆమె రాలేదు. ఆపై వారమూ రాలేదు. దర్జీల దగ్గర ఇర్మా వాటా చిన్న పీలికలు విడిగా మూట కట్టి ఉండిపోయాయి. నారాయణమ్మ వాటినీ ఇంటికి తెచ్చి అటకమీద పెట్టింది.

"నేను మంచికే గదా చేసినాను," అన్నది ఒకరోజు జయరాంతో. "అయిదేండ్లయింది. ఇంగ యాడుంటాడు ఆయప్ప? ఆమెకూ తెలుసు."

జయరాం బీడీ ఆర్పాడు. "మారప్ప బిళ్ళ బోర్డు మీద ఉన్నప్పుడు, మూడో నాడు ఎవురో వచ్చి మీ అమ్మతో దినాలు, కర్మలు అని మాట్లాడినారు, గుర్తుండాదా? మీ అమ్మ ఏం చేసింది?"

నారాయణమ్మకు గుర్తుంది. వాళ్ళమ్మ ఆ మాట అన్నవాళ్ళను వాకిట్లోంచి వెళ్ళగొట్టింది.

"బిళ్ళ బోర్డు మీద ఉన్నంతవరకు మనిషి లోపల ఉన్నట్టే లెక్క. పైకి తెచ్చేవరకు తవ్వుతానే ఉండల్ల. ఎవురన్నా పోయినాడులే అంటే తవ్వేవాళ్ళ చేతులు ఆగిపోతాయి. ఆమె చెప్పింది కూడా అదే గదా."

 మరునాడు పొద్దున నారాయణమ్మ అటక మీది మూట దించింది. పసుపుపచ్చ పట్టు ముక్క ఒకటి ఏరింది. రూపాయి కంటే కొంచెం పెద్దదిగా గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, పైన దారం దూరేందుకు ఒక చిల్లి కుట్టింది. అచ్చం గని బిళ్ళ. నల్ల దారంతో లూచో పేరు కుట్టడానికి గంగమ్మ దగ్గర ఇంగ్లీషు అక్షరాలు కాగితం మీద రాయించుకుంది. చదువు రాని చేతికి ఆ అయిదు అక్షరాలు కుట్టేసరికి పూటంతా పట్టింది.

గంగమ్మను తోడు తీసుకుని ఊరిగాం బంగళాకు వెళ్ళింది. అంతకు ముందు ఆ బంగళాల దగ్గరికి వెళ్ళిందంటే పెరటి గేటు వరకే. ఈసారి ముందు గేటే తీసింది. రౌల్ వరండాలో రాళ్ళ ముక్కలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టి లోపలికి కేక వేశాడు.

ఇర్మా బయటికి వచ్చి నిలబడింది. 

నారాయణమ్మ కొంగు ముడి విప్పి గుడ్డ బిళ్ళ ఆమె చేతిలో పెట్టింది. "ఇది మీ తమ్ముడి బిళ్ళ. ఆయప్ప లోపల ఉండాడు. ఇంకా పైకి రాలేదు. ఆకు వేసింది నాది తప్పు తల్లీ. నేను అట్ల వెయ్యకూడదు."

గంగమ్మ తర్జుమా చేయబోతే ఇర్మా చేత్తో ఆపింది. ఆమెకు బిళ్ళ సంగతి తెలుసు. రౌల్ రోజూ అది ఇచ్చే లోపలికి దిగుతాడు. అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత నారాయణమ్మ భుజం మీద తల పెట్టి, చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. నారాయణమ్మ వీపు నిమురుతూ నిలబడింది. రౌల్ లోపలికి వెళ్ళి తనే టీ కలుపుకొచ్చాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు, ఎవరూ ఆ మాట అనకుండా తాగారు.

పెద్ద బొంత కుడదామన్న ఆలోచన ఆ వరండాలోనే పుట్టింది. లూచోతో పాటు ఆ గని ఊరి నుంచి తీసుకుపోయిన వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరి పేర్లూ ఇర్మాకు కంఠస్థం. ఒక్కొక్కరికి ఒక్కొక్క బిళ్ళ కుట్టి, బోర్డు మీద వేలాడుతున్నట్టు వరసగా పెట్టాలి. ఒక పక్క ఎడారి, మంచు కొండలు. ఇంకొక పక్క మన షాఫ్టు, దాని మీద తిరిగే చక్రం, బంగారం తీసేశాక మిగిలే సైనైడు మట్టి దిబ్బలు.

లైన్లలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. పక్కింటి చిన్నవెంకటమ్మ ముందు, తర్వాత ఎదురు వరసలోని తమిళ ఆడవాళ్ళు. ఎవరింటి గుడ్డ వాళ్ళు తెచ్చారు. ఒకామె పోయిన మొగుడి లుంగీ తెచ్చి కొండలకు వాడమంది. పేర్లు పలకడం ఎవరికీ వచ్చేది కాదు. ఇర్మా పలికితే, వీళ్ళు తమ నోటికి వచ్చినట్టు తిప్పుకునేవారు. ఆర్మాండో ఆరుముగం అయ్యాడు. ఇర్మాకు ఆ పేరు వింటే నవ్వు ఆగేది కాదు. అతను బతికి ఉంటే ఈ పేరుకు చాలా మురిసిపోయేవాడు, చాలా కొంటె మనిషి అన్నది. తర్వాత తన మాట తనే సరిదిద్దుకుంది. "మురిసిపోతాడు," అన్నది.

బొంత పూర్తయ్యాక దాన్ని పదిమందికీ చూపించాలనుకున్నారు. యూనియన్ హాలు అడగడానికి నారాయణమ్మ, గంగమ్మ సెక్రటరీ ఈశ్వరప్ప దగ్గరికి వెళ్ళారు. ఈశ్వరప్ప పెద్దమనిషి, మాట కరుకు.

"యాడో చిలీ దేశం సంగతి మనకెందుకమ్మా?" అన్నాడు. "ఇక్కడ మనవాళ్ళ దగ్గుకే మందు సరిగా లేదు. బంగారం తరిగిపోతా ఉండాది, గనులు ఎన్నాళ్ళు నడుస్తాయో ఎవురికీ తెలీదు. మన గోడు వినేవాళ్ళు లేరు, మనం ఇంకొకరి గోడు వినేదా?"

నారాయణమ్మకు వాదించడం రాదు. బొంత విప్పి ఆయన బల్ల మీద పరిచింది. ఈశ్వరప్ప కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చూపు నేరుగా బిళ్ళల మీదికే పోయింది.

"ఇన్ని బిళ్ళలు దిగకుండా ఉండాయే. ఏ షాఫ్టు ఇది?"

"షాఫ్టు కాదప్పా. సిపాయిలు తీసుకొనిపోయినారు. యాడ పెట్టినారో చెప్పరు."

ఈశ్వరప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. ఎమర్జెన్సీలో ఆయన్ను కూడా పోలీసులు తీసుకుపోయారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయన మాత్రం ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

"నేను లోపల ఉన్నన్నాళ్ళు," అన్నాడు, "నా పెండ్లాం నెలకొకసారి వచ్చి కమ్మీల అవతల నిలబడేది. ఉప్పుడు పిండి తెచ్చేది. యాడుండానో ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసునని నాకు తెలుసు. దాంతోనే కాలం గడిచింది." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆదివారం హాలు తీసిపెట్టిస్తాను. మేకులు మీరే తెచ్చుకోండి."

ఆదివారం పొద్దున బొంతను హాలు గోడకు నిలువునా కట్టారు. జనం వస్తారో రారోనని ఇర్మా భయపడింది. పదకొండు దాటేసరికి లోపల నిలబడే చోటు లేకపోయింది. గనివాళ్ళు పిల్లాపాపలతో వచ్చారు. ఆడవాళ్ళు కొండల్లో తమ చీర ముక్కలు వెతుక్కున్నారు. మగవాళ్ళు బిళ్ళల ముందరే ఆగిపోయారు. పని మానేసి ఏళ్ళయిన పాపన్న అనే ముసలాయన, దగ్గుతూ దగ్గుతూ ముందుకు వచ్చి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. గనిలో ఎవరైనా పోయినప్పుడు షాఫ్టు దగ్గర తీసే పద్ధతి. పక్కనున్న జయరాం ఆయన చెవిలో చెప్పాడు.

"ఇంకా పోలేదు తాతా. లోపల ఉండారు."

పాపన్న తల ఊపి తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "అట్లయితే తవ్వమని చెప్పు," అన్నాడు.

గంగమ్మ అది విని ఇర్మాకు చెప్పింది. ఆ రోజంతా ఆమె ఎవరెవరికో అదే మాట చెబుతూ తిరిగింది. సాయంత్రం హాలు ఊడుస్తున్నప్పుడు కూడా చీపురు పట్టుకుని, "తవ్వమని చెప్పు, తవ్వమని చెప్పు," అని తెలుగులో అనుకుంటూ నవ్వింది.

బొంతను తల్లికి చేర్చాలని ఇర్మా ఆశ. బెంగళూరులో ఒక కాన్వెంటుకు వచ్చిన వాళ్ళ దేశపు సిస్టర్ ఒకామె తిరిగి వెళ్తోంది. తీసుకుపోతానని ఒప్పుకుంది. కానీ విమానం దిగగానే సిపాయిలు పెట్టెలు విప్పి చూస్తారు. ఈ బొమ్మ కనిపిస్తే ఆమెనూ లోపలేస్తారు.

"చూడనీ," అన్నది నారాయణమ్మ. "బొంత అంటే ఏమనుకుంటివి? పైన చీర, కింద చీర, నడిమిన ఏముండాదో కుట్టినోళ్ళకే గదా తెలిసేది."

గురువమ్మ పాత నూలు చీరలు రెండు ఇచ్చింది. ఉతికి ఉతికి రంగు పోయి మెత్తగా అయిన చీరలు. బొమ్మ మీద ఒకటి, కింద ఒకటి పరిచి, ఎప్పటిలాగే వరస కుట్లు వేశారు. లోపలి బొమ్మ చెడకుండా, లాగితే ఊడివచ్చేలా పలచగా వేశారు. పూర్తయ్యాక చూస్తే లైన్లలో ఏ నులక మంచం మీదైనా కనిపించే బొంతే. చలికి కప్పుకునేదని చెప్పమని సిస్టర్‌కు నేర్పారు. సిస్టర్ దాన్ని విమానంలో నిజంగానే కప్పుకుని నిద్రపోయిందట. అక్కడి సిపాయి ఒకసారి తడిమి, తిరిగి ఇచ్చేశాడట.

మరుసటి ఏడాది చివర్లో ఇర్మా పరుగులాంటి నడకతో లైన్లలోకి వచ్చింది. చేతిలో ఒక ఫోటో. ఎండగా ఉన్న వీధి, వెనక పెద్ద రాతి భవనం, మెట్లు. అది కోర్టట. మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి, బొంతను ఇటు కొస నుంచి అటు కొస వరకు పట్టుకుని ఉన్నారు. నడిమిన పొట్టిగా, తెల్ల జుట్టుతో ఇర్మా తల్లి. చాంపియన్ రీఫ్ చక్రం ఆమె భుజం పక్కనే స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటో తీసిన కాసేపటికే పోలీసులు వచ్చి అందరినీ చెదరగొట్టారట. బొంతను మాత్రం ఎవరో మడిచి, శాలువా కింద పెట్టుకుని దాటించారట.

ఫోటో ఇల్లిల్లూ తిరిగింది. గురువమ్మ దాన్ని వెలుతురులోకి పట్టుకుని, "నా చీర యాడ?" అని అడిగింది.

"విప్పేసినారు గదా అత్తా. నీ చీరను ఆమె కట్టుకొని ఉండాది చూడు," అన్నది నారాయణమ్మ. నిజంగానే ఇర్మా తల్లి మెడ చుట్టూ రంగు పోయిన నూలు గుడ్డ ఒకటి ఉంది. గురువమ్మకు ఆ సంగతి ఆ సంవత్సరమంతా చెప్పుకోవడానికి సరిపోయింది.

రౌల్ పని అయిపోయి వాళ్ళు 1981లో తిరిగి ఇంగ్లండుకు వెళ్ళిపోయారు. బంగారుపేట స్టేషనుకు లైన్లలో సగంమంది వెళ్ళి రైలెక్కించారు. ఏడాదికో రెండేళ్ళకో ఇర్మా దగ్గర నుంచి కబురు వచ్చేది. వాళ్ళ దేశంలో జనం వీధుల్లోకి వస్తున్నారని ఒకసారి, మిలిటరీ పెద్ద ఓట్లలో ఓడిపోయాడని ఇంకోసారి. మిలిటరీవాడు ఓట్లలో ఓడిపోవడం ఎట్లాగో జయరాంకు అర్థం కాలేదు గానీ, ఆ రోజు రిటైరైన స్నేహితులకు టీలు తాగించాడు.

1991లో జనవరి చలి ఇంకా వదలని ఒక మధ్యాహ్నం, నారాయణమ్మ వాకిట్లో మినుములు చెరుగుతుంటే ఆటో వచ్చి ఆగింది. ఇర్మా దిగింది. జుట్టు నెరిసింది. ఆ ఎత్తూ, ఎండకు కందే ఆ ముఖమూ అట్లాగే ఉన్నాయి.

నారాయణమ్మ చేట కింద పెట్టి లేచింది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, మిగతా కుశలాలన్నీ పక్కనపెట్టి ఒక్కటే అడిగింది.

"ఇచ్చినారా?"

"ఇచ్చినారు," అన్నది ఇర్మా.

అరుగు మీద కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. కొత్త ప్రభుత్వం వచ్చాక ఎడారిలో తవ్వారు. మనుషులను పాతిపెట్టిన చోటు బయటపడింది. అక్కడి ఇసుక ఎండిపోయిన ఇసుక, ఏదీ చెడనివ్వదు. లూచోను చొక్కా చూసి తల్లే గుర్తుపట్టింది. ఆర్మాండో కూడా అక్కడే ఉన్నాడు. ఊరంతా వెంట నడిచి, గని సైరను మోగించి, లూచోను తండ్రి పక్కనే పూడ్చారు. తల్లి మూడు రోజులు నిద్రపోయిందట. లేచి, ఆకలేస్తోందని అడిగి మరీ తిన్నదట.

"పదిహేడేండ్ల తర్వాత మా అమ్మ కడుపు నిండా తిన్నది," అన్నది ఇర్మా. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు నిబ్బరంగా ఉంది. తీసుకుపోయినవాళ్ళ మీద కేసు నడుస్తుందా అని నారాయణమ్మ అడిగింది. ఇంకా లేదు, అడుగుతున్నామన్నది. అడగడం తల్లికి బాగా అలవాటయిపోయింది, ఇప్పుడు మానమన్నా మానదట.

గంగమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. జయరాం బజారుకు వెళ్ళి కోడిని తెచ్చాడు. గురువమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. ఇర్మా ఆమె ఫోటో ముందర కాసేపు నిలబడి వచ్చి, కొంగు దోపినట్టు దుపట్టా నడుముకు చుట్టుకుని, ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది.

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అని అడిగింది నారాయణమ్మ.

"పది దినాలు. మళ్ళీ మా అమ్మ దగ్గరికి పోవల్ల."

"అయితే రేపు ముళబాగిలుకు పోదాము. చెన్నకేశవ అని మా చెల్లెలు కొడుకు ఆడ అంగడి పెట్టినాడు. బొంత సంగతి విని నిన్ను చూడల్లని శానా దినాలుగా అడుగుతా ఉండాడు."

ఇర్మా ఉల్లిపాయ ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది. పొయ్యి మీద మసాలా వేగుతోంది. ఇర్మమ్మ వచ్చిందన్న కబురు అప్పటికే లైన్లన్నీ చుట్టింది. చిన్నవెంకటమ్మ మనవరాలిని చంకన వేసుకుని ముందుగా వచ్చింది, ఆమె వెనకే ఎదురు వరస వాళ్ళంతా వచ్చారు. వాకిట్లో చాప చాలక జయరాం ఇంకొకటి తెచ్చి పరిచాడు.